మంత్రిగారి మోడరేటర్‌లో మసి లేదు

హైలాండ్స్ కొండల్లోని రైఫిల్ మోడరేటర్లన్నీ ఇకపై అద్దంలా మెరవాలనీ, అందుకోసం ‘శుభ్రమైన గొట్టం, ప్రశాంతమైన కొండ’ వారోత్సవాలను తామే స్వయంగా ప్రారంభిస్తామనీ కొండల శాఖ మంత్రి లాక్లన్ ప్రింగిల్ గారు సెలవిచ్చారు. మోడరేటర్ అంటే రైఫిల్ కొసకు మర తిప్పి బిగించే లావుపాటి గొట్టం. పేలుడు మోతను చాలావరకు మింగేస్తుంది. మంత్రిగారికి మోతంటే గిట్టదు, తమది తప్ప.

ఈ మహత్కార్యం పార్టీ కార్యకర్త ఫెనెల్లా ఓగిల్వీ నెత్తిన పడింది. పదేళ్లుగా వానలో కరపత్రాలు పంచి, ఓటర్ల కుక్కల చేత కరిపించుకున్న మనిషి. ఈ సభ గట్టెక్కితే కౌన్సిల్ టికెట్ నీదేనని మంత్రిగారు మాటిచ్చారు. ఆ మాట పట్టుకుని ఆమె వారం రోజులుగా నిద్రపోలేదు.

గ్లెన్‌వారిక్ ఊరి హాల్లో సభ. వేదిక వెనక గోడకు బ్రహ్మాండమైన కొమ్ములతో దుప్పి తల. కింద ఇత్తడి పలక: ‘లాక్లన్ ప్రింగిల్ ఒకే గుండుతో పడగొట్టినది.’ మంత్రిగారు మూడు ఎన్నికలు ఈ దుప్పి మీదే గెలిచారు.

తడిసిన ట్వీడు కోట్లతో కొండ వేటగాళ్లంతా వచ్చి, టీలో బిస్కెట్లు ముంచుకుంటూ కూర్చున్నారు. ఫెనెల్లా రాసిచ్చిన ప్రసంగాన్ని మంత్రిగారు అప్పటికప్పుడు తోచినట్టే చదివారు.

“కాల్చడం అయిపోగానే మోడరేటర్ ఊడదీయండి. రైఫిల్‌కే వదిలేస్తే లోపలి చెమ్మకు అదీ తుప్పు పడుతుంది, బ్యారెలూ తుప్పు పడుతుంది. వెచ్చని చోట నిలబెట్టి ఆరనివ్వండి. మరలకు ఒక్క చుక్క నూనె చాలు. మనమేం చేపలు వేయించడం లేదు.”

హాలు నవ్వింది. ఫెనెల్లా ఊపిరి పీల్చుకుంది.

అప్పుడు పెద్ద వేటగాడు డూగల్డ్ మాథిసన్ లేచి, బల్ల మీద పరిచిన పేపర్ పైన తన మోడరేటర్ తట్టాడు. పొయ్యి గొట్టం దులిపినట్టు మసి రాలింది. మిగతావాళ్లూ వరసగా వచ్చి దులిపారు. పేపర్‌లో ఉన్న మంత్రిగారి ఫొటో కనిపించకుండా పోయింది.

ఇక తమరిది కానివ్వండి అన్నాడు డూగల్డ్.

మంత్రిగారు తమ మోడరేటర్‌లో తెల్ల రుమాలు దూర్చి తిప్పారు. రుమాలు తెల్లగానే వచ్చింది. విలేకర్లు ఫొటోలు తీశారు.

“దీంతో పదకొండు దుప్పుల్ని కొట్టాను. మసి ఎక్కడుందో చూపించండి,” అంటూ ఆయన గర్వంగా పేపర్ మీద తట్టారు.

టప్పున చిన్న తెల్ల ప్యాకెట్ పడింది, కొత్త చెప్పుల డబ్బాలో వస్తుందే, అలాంటిది. డూగల్డ్ కళ్లజోడు పెట్టుకుని పైకి చదివాడు.

“తినరాదు.”

హాలంతా గోడ మీది దుప్పి వైపు చూసింది. ఫెనెల్లాకు పదేళ్ల వానా ఒక్కసారే నెత్తిన కురిసినట్టయింది. గబుక్కున లేచింది.

“చెమ్మ చేరకుండా ప్రతి వేట తర్వాతా మంత్రిగారే స్వయంగా పెడతారు.”

చప్పట్లు మోగాయి. డూగల్డ్ కూడా కొట్టాడు. “చాలా బాగుంది సార్. హాలు వెనక గురి బోర్డు పెట్టాం. ఒక్క గుండు కాల్చి, మళ్లీ శుభ్రం చేసి చూపిస్తే మేమూ నేర్చుకుంటాం.”

మంత్రిగారు ఫెనెల్లా వైపు చూశారు.

“ఇది ప్రశాంతత వారోత్సవం, డూగల్డ్ బాబాయ్,” అందామె. “అసలు కాల్చకపోవడం కంటే నిశ్శబ్దం ఏముంది?”

విలేకర్లు ఆ మాటను మంత్రిగారి పేరు మీద రాసుకున్నారు. వేటగాళ్లు బిస్కెట్లు అయిపోయాయని లేచారు. సభ దిగ్విజయంగా ముగిసింది.

కార్లో మంత్రిగారు ఆమె భుజం తట్టి, టికెట్ ఖాయమన్నారు. ఫెనెల్లాకు సంతోషంతో కళ్లు చెమర్చాయి.

“కాకపోతే ఇక్కడి ఓటర్లు ఉత్త చేతులతో వచ్చినవాళ్లను నమ్మరమ్మాయ్. నీ పేరు మీదా ఒక దుప్పి ఉండాలి.”

“నాకు రైఫిల్ పట్టుకోవడమే రాదు సార్.”

మంత్రిగారు వాచీ చూసుకున్నారు.

“ఇన్వర్నెస్‌లో పాత సామాన్ల షాపు ఆరింటిదాకా తెరిచే ఉంటుంది. నా పేరు చెప్పు, మంచి కొమ్ములున్నది చూసి ఇస్తాడు.”