పక్షుల కోసం బైనాక్యులర్

రాయ్‌పూర్ మోవాలోని మా తెలుగు కాలనీ మహిళా సమితి పక్షి సంరక్షణ నిమిత్తం ఒక బైనాక్యులర్ కొనాలని ఏకగ్రీవంగా తీర్మానించింది. ప్రస్తుతానికి సంరక్షించవలసిన పక్షి ఒక్కటే. ఎదురు బ్లాకు మూడో అంతస్తులో అద్దెకుంటున్న నర్సు జెస్సీ. పెళ్లి కాలేదు, ఒంటరిగా ఉంటుంది, ఎవరింటి సంగతులూ అడగదు. ఇన్ని అనుమానాస్పద లక్షణాలకు తోడు, రోజూ చీకటి పడే వేళ మంకీ క్యాపు పెట్టుకున్న మగమనిషి ఒకడు ఆమె ఇంటికి వెళ్తున్నాడు. అతడెవరో ఆదివారం సమావేశంలోగా తేలితే ఆమె ఇల్లు ఖాళీ చేయాలి. తేలకపోయినా చేయాలనుకోండి. కానీ మాది పద్ధతి గల సమితి. ఆధారం ఉండాలి.

బైనాక్యులర్ ఎంపిక అంత తేలిక కాదు, అవసరాన్ని బట్టి కొనాలి. సమితి సలహాదారు సూర్యారావుగారు, "పక్షిని ప్రేమించలేని సమాజం మనిషినేం ప్రేమిస్తుంది?" అని ఉపన్యసించి, పన్నెండింతలు పెద్దది చేసి చూపేదే కావాలన్నారు. దుకాణంలో దాన్ని కళ్లకు పెట్టుకోగానే ఆయన చేతుల వణుకుకి ఎదుటి మేడ పూనకం వచ్చినట్టు ఊగింది. బొమ్మతోపాటు వణుకూ పెద్దదవుతుందట. సంఘసేవకు ఎనిమిదింతలు చాలునని సరిపెట్టుకున్నాం.

సమితి సభ్యురాలు పైడమ్మ వెడల్పుగా చూపేది కావాలంది. హాలూ వంటిల్లూ ఒకేసారి కనబడకపోతే, ఆ మధ్యలో జరిగేదానికి బాధ్యులెవరు? ముందుండే అద్దాలు పెద్దవైతే మసక వెలుతురులోనూ బాగా కనబడుతుందనగానే అధ్యక్షురాలు రమణమ్మగారు అవే ఖాయం చేశారు. కళ్లజోడు తీయకుండా చూసే వీలుండాలన్నది నా సవరణ. దుకాణదారు ప్రేమ్‌చంద్ అంతా ఓపిగ్గా విని, "పక్షి ఏ అంతస్తులో ఉంటుంది బెహన్‌జీ?" అని అడిగాడు. రాయ్‌పూర్‌లో పక్షి ప్రేమికులం మేమొక్కరమే కాదని తెలిసి గర్వపడ్డాం.

శనివారం సాయంత్రం రమణమ్మగారి బాల్కనీలో ప్రారంభోత్సవం జరిగింది. ఆమె భర్త భీమారావుగారు వాకింగ్‌కి వెళ్లడంతో పనికి అడ్డు లేకపోయింది. అధ్యక్షురాలిదే తొలి చూపు.

"ఏటొదినా, కనబడతన్నాడా?" అంది పైడమ్మ.

"జర రుకో పైడీ... ఆఁ, సాఫ్ కనబడతన్నాది. కుర్చీలో కూకున్నాడు. ఛీ ఛీ! ఆ పిల్ల కింద కూకుని ఈడి కాలు ఒళ్లో ఎట్టుకుంది!"

"హే భగవాన్! ఎదవకి పెళ్లాం ఉందో లేదో?"

"ఉంటే ఇలా ఒదిలేస్తాదేటి? బొటనేలు పూరా నల్లబడిపోనాది. కట్టు కడతన్నాది..." రమణమ్మగారు ఫోకస్ చక్రం మరికాస్త తిప్పారు. "ఆ స్వెటర్ నేనల్లిందే."

భీమారావుగారు రాగానే విచారణ జరిపాం. షుగరు పుండట. చాలా రోజులుగా ఉందట.

"నీకు చెబుదామనే వచ్చీవోణ్ని" అన్నారాయన భార్యతో. "ఎప్పుడు సూసినా బాల్కనీలోనే ఉండీదానివి. ఆ పిల్ల గేటుకాడ నా కుంటు సూసి లోపలికి పిలిచింది. లేపోతే ఏలు తీసేసీవోరే!"

ఆదివారం సమితి ఈ విషయాన్ని అన్ని కోణాల నుంచీ పరిశీలించింది. ఎంత మంచి బైనాక్యులర్ అయినా మరీ దగ్గరున్నదాన్ని చూపించలేదట. భీమారావుగారు పడుకునేది భార్య పక్క మంచం మీదే. కనుక అధ్యక్షురాలి తప్పేమీ లేదని తేలింది. ఇక సంసారి అయిన మగవాణ్ని చీకటి వేళ ఇంట్లోకి రానిచ్చినందుకు జెస్సీని ఖాళీ చేయమన్నాం. ఆధారం దొరికింది మరి. సామాను ఆటోకెక్కించి, ఆ అమ్మాయి రమణమ్మగారికి కట్టు కట్టడం నేర్పింది. "రోజూ దగ్గరగా చూడాలాంటీ" అని కూడా అంది. పొగరు కాకపోతే!

ఆ ఫ్లాటు ఇప్పుడు ఖాళీగా ఉంది. గాలీ వెలుతురూ బాగా వస్తాయి, ఇరుగుపొరుగు ఎంతో శ్రద్ధగలవారు. పాఠకుల్లో ఎవరికైనా కావాలంటే తప్పక రండి. కర్టెన్లు మాత్రం తెచ్చుకోవద్దని మనవి.