ఆడ డాక్టరు కోసం గిద్దలూరు

పొద్దున్నే కూతుర్ని రంగనాయకులు డాక్టరుకు చూపించి, వేళకు పలకల దుకాణం తెరవాలనుకున్నాడు చంద్రశేఖరరావు. మార్కాపురంలో ఆయన కోపం తెలియనివాళ్లు లేరు. పదిహేనేళ్ల సీతారత్నానికి చంకలో సెగగడ్డ లేచి చెయ్యి కిందికి దించలేకపోతోంది. ఆ సంగతి తల్లి దుర్గాంబకు ఒక్కదానికే చెప్పింది. తండ్రికి తెలిసిందల్లా చేతినొప్పి అని.

"నేను ఆ డాక్టరు దగ్గరికి రాను నాయనా," అంది సీతారత్నం.

"ఎందుకు రావు? నువ్వు పుట్టినప్పటి నుంచి మందిచ్చింది ఆయనే గదా."

"రానంటే రాను."

మొగుడి గొంతు లేచేసరికి దుర్గాంబ వంటింట్లోంచి వచ్చి నోటికొచ్చిన సాకు చెప్పింది. "ఈడొచ్చిన పిల్ల. మగ డాక్టరుకు చూపించుకోదంట."

"కర్నూలుకు రాజధాని వచ్చింది గానీ మార్కాపురానికి ఒక ఆడ డాక్టరు రాలేదే. నేనేడ తెచ్చేది?" అని ఆయన అరిచిన అరుపు వీధి చివరి దాకా పోయింది.

బియ్యం ఏరుతున్న చెల్లెలు కోటిరత్నం అందుకుంది. "గిద్దలూరులో రాజరత్నమని ఉందంట గదన్నా. మంచి హస్తవాసంట."

"అయితే గిద్దలూరే పోదాం," అని ఆయన ఇంకా గట్టిగా అరిచాడు.

ఆ అరుపుల్లో పక్కింటి రాఘవమ్మకు 'ఆడ డాక్టరు' అన్న మాట ఒక్కటే వినబడింది. పెళ్లికాని పిల్లకు ఆడ డాక్టరుతో పనేమొచ్చిందోనని హడలిపోయి దుర్గాంబను ఓదార్చడానికి వచ్చింది. "ఎవరికీ చెప్పన్లే వదినా," అంది. ఆమె వెనక మరో ఇద్దరు కళ్లు తుడుచుకుంటూ నిలబడి ఉన్నారు. చంద్రశేఖరరావు ముగ్గురినీ వాకిట్లోంచే తరిమేశాడు. వాళ్లు అటు పోగానే రంగనాయకులు మందుల సంచీతో సహా ఇటు వచ్చాడు.

"నన్ను కాదని గిద్దలూరు పోతున్నావంట. నేనేం తక్కువ చేసినాను బావా? పుల్లారావు పెళ్లాం ఒళ్లంతా గజ్జితో వస్తే మానిపించలా? ఆంజనేయులు మామకు విరేచనాలు కట్టించలా?"

నడివీధిలో నిలబడి ఇంటింటి రోగమూ ఏకరువు పెట్టాడు. అరుగుల మీద జనం చేరారు. పుల్లారావు ఇంటి కిటికీ తలుపులు దఢాలున మూసుకున్నాయి.

చంద్రశేఖరరావు పళ్లు కొరుక్కుంటూ జట్కా పిలిచి, కూతుర్ని ఎక్కించుకొని స్టేషనుకు బయలుదేరాడు. రైల్లో ఆయన ఒక కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. సీతారత్నం ఇంకో కిటికీ వైపు తిరిగింది. కోపంలో ఆమె తండ్రికేమీ తీసిపోదు.

గిద్దలూరు ఆస్పత్రిలో కుర్చీ మీద బుర్రమీసాల మనిషి కూర్చొని ఉన్నాడు.

"రాజరత్నమ్మగారు లేరా?" అన్నాడు చంద్రశేఖరరావు.

"రాజరత్నమ్మ కాదండీ, రాజరత్నం. నేనే."

చంద్రశేఖరరావుకు చెల్లెలి మీద, రైలు మీద, ఎదుటనున్న మీసాల మీద ఒక్కసారే మండుకొచ్చింది. "రత్నమని పేరు పెట్టుకొని ఆ మీసాలేంది?"

"పేరు మా నాయన పెట్టినాడు. మీసాలు నేను పెంచుకున్నా," అన్నాడు డాక్టరు.

"పద అమ్మాయ్, పోదాం."

సీతారత్నం కదలలేదు. "ఈయనకే చూపించుకుంటా."

"మగ డాక్టరు వద్దన్నావు గదే."

"అది అమ్మ అన్న మాట. నేను అనలా. రంగనాయకులు మామ సాయంత్రమైతే మన దుకాణంలో కూర్చొని అందరి రోగాలూ చెప్తాడు. నువ్వు కడుపు పట్టుకొని నవ్వుతావు. రేపు నా గడ్డ సంగతి చెప్తే అప్పుడూ నవ్వుతావా?"

చంద్రశేఖరరావు తిట్టడానికే నోరు తెరిచాడు. ఈలోగా డాక్టరు నర్సును లోపలికి పిలిచి, ఆయనను బయట కూర్చోమన్నాడు. గడ్డ కోసి, కట్టు కట్టి పంపాడు. సీతారత్నం ముఖం తేటపడింది.

"గడ్డ యాడ లేచిందంట?" అని తండ్రి గడప దగ్గర నిలబడి డాక్టరును అడిగాడు.

"పాప చెప్పదలిస్తే చెప్తుంది. ఈ గదిలో మాట గడప దాటదండీ."

చంద్రశేఖరరావు కాసేపు ఆ గడప వంకే చూశాడు. పొద్దుటినుంచి మొదటిసారిగా ఆయన గొంతు తగ్గింది.

"అమ్మాయ్, నువ్వు కొంచెంసేపు నర్సమ్మ దగ్గర కూర్చో," అని లోపలికి వెళ్లి గడియ వేసుకున్నాడు.

ఆయన చెప్పుకోవలసినవన్నీ చెప్పుకొని బయటికి వచ్చేసరికి మార్కాపురం రైలు వెళ్లిపోయింది.