మాట్లాడే బాధ లేని జబ్బు

మనిషికి రావాల్సిన జబ్బంటూ ఒకటుంటే అది పార్కిన్సన్సే!

కళ్లెర్ర చేయకండి. ఈ వణుకుడు జబ్బు నాకొచ్చి ఆరేళ్లయింది, అనుభవంతోనే చెబుతున్నాను. ముప్పై ఏళ్లు టైలరుగా చొక్కాలు కుట్టిన చెయ్యి నాది. మందుసీసా మీద ‘వాడే ముందు బాగా కుదపండి’ అని ఉంటుంది చూశారా? ఆ శ్రమ ఇప్పుడు నాకు లేదు, చేత్తో పట్టుకుంటే చాలు.

ముఖం బిగుసుకుపోవడం ఇంకో వరం. మా బావమరిది జోకులకు ఇరవై ఏళ్లు మొహమాటానికి నవ్వి దవడలు అరిగిపోయాయి. ఇప్పుడు నవ్వకపోయినా తప్పుపట్టే నాథుడు లేడు. పేకాటలో నా చేతిలో ఏ ముక్కలున్నాయో బ్రహ్మకైనా తెలియదు.

అన్నిటికన్నా పెద్ద సుఖం, నోరు తెరవాల్సిన పనే లేదు! నా గొంతు మెత్తబడింది, మాట మొదలెట్టడానికి కాస్త టైమ్ పడుతుంది. ఆలోగా నా తరఫున మాట్లాడేవాళ్లు బోలెడుమంది. చలేస్తున్నట్టుందని ఒకరు స్వెట్టర్ తొడుగుతారు, ఉక్కపోస్తున్నట్టుందని ఇంకొకరు విప్పేస్తారు. నేను ‘నాకు’ అనేసరికి ఫ్యాను ఒకసారి ఆన్ అయి, ఆఫ్ కూడా అయిపోయి ఉంటుంది. ఇంతటి సేవ మహారాజులకైనా దక్కిందా?

ఇక వైద్యంలో నా సుఖం చెప్పనలవి కాదు. మొన్న డాక్టరుగారు రెండు దారులున్నాయన్నారు. మాత్రల డోసు పెంచడం ఒకటి. మెదడులో సన్నని తీగలు దించి, ఛాతీలో బ్యాటరీ అమర్చే ఆపరేషన్ రెండోది. ఇదంతా మా ఆవిడకు చెప్పారు లెండి.

“ఈయనకి నిద్ర పడుతోందా?”

“పడుతోందండీ. నిద్రలో తంతున్నారు.”

“బ్యాటరీకి వారంటీ ఎన్నేళ్లండీ?” అన్నాడు బావమరిది.

పది నిమిషాల్లో ఆపరేషన్ ఖాయమైంది. పుర్రె మాత్రం నాదే.

అంగీకార పత్రం నా ముందుకు తోశారు. అందరూ కలిసి తీసుకున్న నిర్ణయానికి సంతకం ఒక్కటే నాది కావాలట. నాకు కోపం వచ్చింది, భయం కూడా వేసింది. పెన్ను పట్టుకోగానే చెయ్యి తెగ వణికింది. పెన్ను రెండుసార్లు కింద పడింది. నిజం చెప్పాలంటే మాత్ర వేసుకుని గంటే అయింది, ఆ వేళకి నా చెయ్యి భేషుగ్గా ఉంటుంది. కావాలనే వణికించాను.

డాక్టరుగారు మొదటిసారి నా ముఖంలోకి చూశారు. “ఏమైందండీ?”

అందరూ ఆగారు కాబట్టి మాట పూర్తిచేయగలిగాను. “ఆపరేషనయ్యాక సూదిలో దారం ఎక్కించగలనా?”

ఆయన కాస్త ఆలోచించారు. “వణుకు తగ్గొచ్చు. అంత సన్నపని కుదురుతుందని మాటివ్వలేను. కొందరికి గొంతు ఇంకాస్త మెత్తబడుతుంది కూడా.”

ఈ సంగతి మా ఆవిడకూ కొత్తే.

“ఉన్న గొంతే ఎవరూ వినడం లేదు. ఇంకాస్త మెత్తబడితే నష్టమేముందండీ?” అన్నాను. అంతా అనడానికి నిమిషం పట్టింది. బావమరిది కూడా మధ్యలో అందుకోలేదు.

మా ఆవిడ కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది. కుర్చీ నా వైపుకు జరుపుకుని, “ఏం చేద్దామో మీరు చెప్పండి” అంది.

చెప్పడానికి చాలాసేపే పట్టింది. ఆవిడ కూర్చునే ఉంది.