సరుగుడు కొమ్మ, నాలుగు బొంగులు

డిసెంబరు ఇరవై నాలుగున పొద్దున చాయ్ తాగుతూనే ఇమ్మానుయేలు ఆ రోజు కార్యక్రమం ప్రకటించాడు. తొమ్మిదింటికల్లా క్రిస్మస్ చెట్టు ఇంట్లోకి, పదింటికల్లా నక్షత్రాలు చెట్టుకి, పదకొండింటికి తాను ఇబ్రహీంపట్నం బస్టాండు పక్కనున్న తన కుట్టుమిషను దగ్గరికి. పండుగ బట్టలు ఇంకా ఎనిమిది జతలు కుట్టాల్సి ఉంది.

ఏటా అట్టపెట్టెలోంచి తీసి నిలబెట్టే ప్లాస్టిక్ చెట్టు మీదికి ఈసారి అతనికి మనసు పోలేదు. చిన్నప్పుడు బాపు తెచ్చే సరుగుడు కొమ్మే కళ్లలో మెదులుతోంది. గాసునూనె డబ్బాలో ఇసుక పోసి కొమ్మను పాతేవాడు బాపు. పాత పరుపులోంచి దూది పీకి మంచు చేసేవారు ఇమ్మానుయేలూ, అన్న అంజిలయ్యా. సిగరెట్ పెట్టెల్లోని వెండికాగితం ఏడాది పొడుగునా దాచి నక్షత్రాలు కత్తిరించేవారు. ఇల్లంతా పచ్చివాసన వేసేది. ఆ వాసన తలుచుకుందామంటే ఇప్పుడు అన్నతో మాటల్లేవు. ఆరేళ్ల కింద అంజిలయ్య కొడుకు పెండ్లి కార్డులో ఇమ్మానుయేలు పేరు పడలేదు. అచ్చువేసినవాడి తప్పని అన్న, అన్న తప్పేనని తమ్ముడు. ఇద్దరూ అక్కడే ఆగిపోయారు.

నాదర్‌గుల్‌లో తెలిసిన రైతు మల్లేశయ్య పొలం గట్టు మీది కొమ్మ ట్రాలీ ఆటోలో వచ్చింది. ముప్పై ఏళ్లుగా జనానికి కొలతలు తీస్తున్న ఇమ్మానుయేలు మెడలోని టేపుతో కొమ్మ పొడవు కొలిచాడు, ఇంటి కప్పు ఎత్తు కొలిచాడు, సరిపోతుందన్నాడు. గుమ్మం వెడల్పు మాత్రం కొలవలేదు. కొన ముందుగా లోపలికి తోస్తే రెమ్మలన్నీ గొడుగులా విచ్చుకుని ద్వారబంధానికి అడ్డం పడ్డాయి.

"జర వంచు బాపూ," అంది కూతురు హిమజ లోపలినుంచి.

"వంచితే ఇరుగుతది. బయటనే పెడదాం తియ్."

అలా కొమ్మ గేటు ముందుకు చేరింది. గాలికి పడిపోకుండా చుట్టూ నాలుగు వెదురు బొంగులు పాతి, వాటి మీద లైట్ల దండ లాగారు తండ్రీకూతుళ్లు.

పక్కింటి వజ్రమ్మ గోడ మీదుగా చూసింది. బొంగులు, పచ్చటి ఆకు, లైట్లు. పెండ్లి పందిరి కాక మరేమిటి? వాకిట్లో గిన్నెలు తోముతున్న ఇమ్మానుయేలు భార్య నర్మదను పిలిచింది.

"ఏం నర్మదా, హిమజ కోసమేనా?"

"అవ్ అక్కా. ఆమెకన్నా ఆమె బాపుకే తొందరెక్కువ."

"యాడిది?"

"నాదర్‌గుల్‌ది. మల్లేశయ్యన్న చూపిండు."

"మంచిదేనా మరి?"

"మంచిదే గానీ పొడుగు మస్తున్నది. మా ఇంట్ల ఇముడుతదా అని జర ఫికరైంది."

"పొడుగుంటే ఏమాయె, మంచిదేనే!" అంటూ వజ్రమ్మ ఫోను కోసం లోపలికి పరుగెత్తింది. సంబంధం నాదర్‌గుల్‌ది, పిల్లగాడు పొడుగు. ఊరికి చెప్పడానికి అంత చాలు.

గంట తిరగకముందే పాస్టరు యోహాను నుంచి ఇమ్మానుయేలుకు ఫోను వచ్చింది.

"ఎప్పుడు పెట్టుకున్నరయ్యా?"

"రేపే గద అయ్యగారూ. ఇయ్యాలనే అంత నిలబెడుతున్నం."

"రేపా! రేపు చర్చిల ఖాళీ యాడుంటది?"

"చర్చిలెందుకు? మా గేటు ముందటనే."

"పిల్లకు ఇష్టమేనా?"

"పిల్లనే లైట్లు కట్టింది."

"సరే, ప్రార్థన చేస్త," అని పాస్టరు ఫోను పెట్టేశాడు. ఆ గొంతులోని బరువు ఇమ్మానుయేలుకు అంతుపట్టలేదు.

మధ్యాహ్నానికి బొంగులూరులోని ఇమ్మానుయేలు చెల్లెలు, తనకు ముందే చెప్పలేదని ఫోనులో ఏడ్చింది. ఆమె దేనికి ఏడుస్తోందో తెలిసేలోపే లైను తెగిపోయింది. హిమజ పనిచేసే దవాఖాన నుంచి తోటి నర్సులు వరసగా శుభాకాంక్షలు పంపారు. క్రిస్మస్‌కే అనుకుని హిమజ అందరికీ "మీకు కూడా" అని జవాబిచ్చింది.

కొమ్మ పనిలో పడి ఇమ్మానుయేలు ఇంకా మిషను దగ్గరికి పోనేలేదు; రెండింటికి గేటు ముందు స్కూటరు ఆగింది. అంజిలయ్య దిగాడు. ఆరేళ్లలో ఆ ఇంటివైపు రావడం అదే మొదటిసారి. వెనకాల కూర్చున్న భార్య ప్రేమమ్మ కొంగు సర్దుకోకముందే ఆయన గొంతు వీధంతా వినిపించింది.

"నా కొడుకు పెండ్లికి కార్డుల పేరు పడలేదని అలిగితివి. ఇప్పుడు నువ్వు కార్డే లేకుంట బిడ్డ పెండ్లి చేస్తున్నవా రా?"

"పెండ్లేందన్నా?"

"మరి ఈ పందిరేంది?"

"పందిరి గాదే. చెట్టు. బాపు తెచ్చినసొంటి చెట్టు."

అంజిలయ్య చెట్టు దగ్గరికి వెళ్లి ఒక రెమ్మ తుంచి, వేళ్ల మధ్య నలిపి వాసన చూశాడు. కాసేపాగి మళ్లీ చూశాడు. నెరిసిన మీసాల వెనక, రెండు చేతులా దూది పట్టుకుని నిలబడ్డ పన్నెండేళ్ల అన్న ఇమ్మానుయేలుకు కనిపించాడు.

"బయటెందుకు పెట్టినవ్?" అన్నాడు అంజిలయ్య చివరికి.

"లోపటికి పడతలేదు."

"కొన ముందుగాల తోసినవా?"

"అవ్."

"బాపు ఎన్నడన్న అట్ల తోసిండారా? మొదలు దిక్కు పట్టి గుంజాలె. రెమ్మలు అవే ముడుచుకుంటయి."

బొంగులు పీకేశారు. అన్న మొదలు పట్టాడు, తమ్ముడు కొన పట్టాడు. రెమ్మలన్నీ ఒద్దికగా ముడుచుకుని కొమ్మ గుమ్మం దాటింది. ఇక ఏ మూల నిలబెట్టాలన్న దాని మీద ఇద్దరూ గంటసేపు గట్టిగా వాదులాడుకున్నారు. బాపు కిటికీ పక్కన పెట్టేవాడని ఒకరు, తలుపు వెనక అని ఒకరు. ఆరేళ్లుగా ఆగిపోయిన మాటలన్నీ ఆ గంటలో తీరాయి. కార్డు సంగతి మాత్రం ఎవరూ ఎత్తలేదు. చివరికి కిటికీ చువ్వకు తాడుతో కట్టారు. ప్రేమమ్మ దూది పేర్చింది, హిమజ నక్షత్రాలు తగిలించింది. పొద్దుగూకేసరికి ఇల్లంతా పచ్చివాసన నిండింది.

వజ్రమ్మ మరోసారి గోడ మీదుగా చూసింది. మధ్యాహ్నం అంజిలయ్య అరుపులు విన్నది; ఇప్పుడు చూస్తే గేటు ముందు బొంగులు లేవు, లైట్లు లేవు. పాపం అనుకుంటూ మళ్లీ ఫోను అందుకుంది.

మర్నాడు చర్చిలో హిమజకు క్రిస్మస్ శుభాకాంక్షలకన్నా ఓదార్పులే ఎక్కువ అందాయి.