పిక్క వరకు

వెలగలూరులో నీళ్ళకు సొంతంగా లోతు ఉండదు, మనిషి దిగి నిలబడితేనే వస్తుంది. మనిషి బయటికి వచ్చేస్తే నీళ్ళు ఉన్నచోటే ఉంటాయి గానీ, లోతు మాత్రం ఆయనతోపాటు గట్టెక్కేస్తుంది. ఊళ్ళో దీన్ని ఎవరూ వింతగా చెప్పుకోరు. ఓవర్‌హెడ్ ట్యాంకులో పురపాలక సంఘం ఉద్యోగులు షిఫ్టుకొకరు చొప్పున నిలబడతారు, బావుల్లో బావిమనుషులు ఉంటారు. లోతు ఎంత కావాలో అంగుళాల్లో అడిగితే ఆఫీసులో నవ్వుతారు, శరీరంలో అడగాలి. చీలమండ వరకు, పిక్క వరకు, మోకాలి వరకు, మొల వరకు, పీక వరకు. లోతుల విభాగం ఏ అవయవం మంజూరు చేస్తే అక్కడికి నీళ్ళు వాటంతటవే లేచి ఆగుతాయి. మణికట్టు వరకు మాత్రం అనుమతి అక్కర్లేదు. అదికూడా లేకపోతే జనం బియ్యం కడుక్కోలేరు.

కడలి శోభనాద్రి గంటస్తంభం వీధిలో దర్జీ. ఇంటి ముందుగదే కొట్టు. ముప్పై ఏళ్ళుగా మనుషుల్ని అంగుళాల్లోకి మార్చడమే ఆయన పని. అంగుళాల్ని మనుషుల్లోకి మార్చే ఆఫీసుతో ఆయనకు ఎప్పుడూ పనిపడలేదు. భార్య మంగతాయారు కాజాలు కుట్టేది. కిందటి వర్షాకాలం నుంచి ఆమె కుడిచెయ్యి వణకడం మొదలుపెట్టింది. డాక్టరిచ్చిన మాత్రలు అయిపోయాయి, వణుకు అవలేదు. కాజాలు వంకర పోతున్నాయని ఆమె సూది పట్టడం మానేసి, రోజంతా గుమ్మానికీ పెరటికీ మధ్య తిరుగుతూ ఉండేది. ఒకచోట కూర్చోలేకపోయేది. ఆమెను చూస్తూ ఆయనా కూర్చోలేకపోయేవాడు.

రాజమండ్రి ఎగ్జిబిషన్లో ఆమెకు ఒక బంగారు చేప నచ్చింది. కోడిగుడ్డులాంటి ఒళ్ళు, రెండు తోకలు, నెత్తిమీద ఎర్రటి బుడిపెల టోపీ. దానికి అక్కడికక్కడే బూరె అని పేరు పెట్టింది. కొట్టువాడు మరీ మరీ చెప్పి పంపించాడు.

“ఇది మామూలు చేపలాగ నిట్టనిలువునా ఈదలేదమ్మా. లోతెక్కువైతే పైకి రాలేక ఆయాసపడి తిరగబడిపోద్ది. మరీ తక్కువైతే తోక ఇప్పుకోలేదు. పదిహేను అంగుళాలు పెట్టండి, సరిపోద్ది. తొట్టి వెడల్పుంటే చాలండి, దానికి ఎత్తెందుకు?”

రాజమండ్రి నీళ్ళకు సొంత లోతు ఉంది కాబట్టి ఆయన అంగుళాల్లో చెప్పాడు.

అనుమతి వచ్చేదాకా బూరెను బకెట్టులో ఉంచి, మణికట్టులోతు కోసం వంతులవారీగా చెయ్యి పెట్టి కూర్చున్నారు. ఆమె వంట చేసేటప్పుడు ఆయన చెయ్యి, ఆయన కత్తిరించేటప్పుడు ఆమె చెయ్యి. బూరె వచ్చి ఆమె వేళ్ళను ఒక్కొక్కదాన్నే నోటితో తడిమేది. తొమ్మిదో రోజున ఆమె చెయ్యి వణకడం మానేసింది. ఆ సాయంత్రం ఒక్క బిగిన పదకొండు కాజాలు కుట్టింది, పదకొండూ తిన్నగా ఉన్నాయి. శోభనాద్రి వాటిని చూసి ఏడ్చాడు. కన్నీళ్ళు ఒక చేత్తోనే తుడుచుకున్నాడు, రెండోది బకెట్టులో ఉంది.

కానీ ఇరుకు బకెట్టులో రాసుకుని బూరె తోక అంచులు చిరుగుతున్నాయి. తొట్టి తప్పదు. శోభనాద్రి గోడకు ఆనుకుని నిలబడి, మడమ దగ్గర్నుంచి టేపు పెట్టి చూసుకున్నాడు. పదిహేను అంగుళాలు సరిగ్గా పిక్క పైభాగానికి వచ్చింది. దేవుడు కొలత తీసుకునే కుట్టాడనుకుని సంతోషించాడు. దరఖాస్తులో ‘ఏ అవయవం వరకు’ అన్న గడిలో ‘పిక్క’ అని గుండ్రంగా రాశాడు.

ఇరవై రెండు రోజులకు ఆర్డరు వచ్చింది. అందులో ‘పీక’ అని ఉంది. కాపీ చేసేటప్పుడు క కింది ఒత్తు ఎక్కడో జారిపోయింది. పైన గుడి కాస్తా దీర్ఘం తీసుకుంది. ఆర్డరు వెనకాలే ఇద్దరు మనుషులు ఆరడుగుల ఎత్తు అద్దాల తొట్టి మోసుకొచ్చి, కత్తిరించే బల్లను వీధరుగు మీద పెట్టేసి, ఆ స్థానంలో బిగించారు.

“పిక్కండీ బాబూ, పిక్క,” అని శోభనాద్రి తన కాలు చూపించాడు.

“మాకు పీకనే ఉందండీ,” అని వాళ్ళు ఆయన మెడ చూపించారు.

గడువులోగా దిగకపోతే మంజూరు రద్దవుతుంది. మళ్ళీ దరఖాస్తు పెట్టడానికి ఏడాది ఆగాలి. శోభనాద్రి స్టూలెక్కి తొట్టిలోకి దిగాడు. నీళ్ళు మర్యాదగా లేచి ఆయన పీక దగ్గర ఆగాయి. మంగతాయారు బూరెను వదిలింది. అది తిన్నగా ఆయన పాదాల మీదికి దిగిపోయి, పైకి రావడానికి బయలుదేరి, ఆయన మోకాళ్ళ దాకా ఈది, అక్కడ కాసేపు రొప్పి, మళ్ళీ కిందికి పోయింది. మూడో రోజుకు పొట్ట పైకి పెట్టి తిరగబడి ఈదడం మొదలుపెట్టింది. ఆ రోజే మంగతాయారు చిటికెనవేలు వణికింది. ఆమె ఆ వేలును ఎడమచేత్తో పట్టుకుని దాచింది గానీ, తొట్టిలోంచి అంతా కనిపిస్తూనే ఉంది.

తన బదులు ఆమెను తొట్టిలో నిలబెట్టి శోభనాద్రి ఆఫీసుకు వెళ్ళాడు. లోతుల విభాగం గుమాస్తా అయ్యగారి పేర్రాజు భాషాప్రవీణ పాసైన మనిషి. ఆయన గడ్డం బల్లమీద ఆనించి ఉంది. ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాడు శోభనాద్రి.

“తప్పు పడిన మాట నిజమేనండి,” అన్నాడు పేర్రాజు ఆర్డరు చూసి. “దిద్దేద్దాం. దీర్ఘం తీసేది ఒక విభాగమండి, ఒత్తు పెట్టేది ఇంకో విభాగం. ఒకదాని తర్వాత ఒకటి. మధ్యలో నలభై ఐదు రోజులు పడుతుంది.”

“ఆ నలభై ఐదు రోజులూ ఏముంటుందండీ?”

“దీర్ఘం తీశాక ‘పిక’ మిగుల్తుంది. పికమంటే కోయిల. అంచేత తొట్టిలో కోయిల నిలబడాలి.”

“కోయిల కాలికి రెండంగుళాల లోతైనా రాదు కదండీ. చేప చచ్చిపోద్ది.”

“పోనీ ముందు ఒత్తు పెట్టిద్దామా అంటే ‘పీక్క’ అవుతుందండి. అది నిఘంటువులోనే లేదు. అసలు లోతే ఉండదు.” పేర్రాజు కలం పక్కన పెట్టాడు. ఆయన మొహంలో నిజంగానే బాధ కనిపించింది. “రెండు విభాగాల చేతా ఒకే రోజున సంతకాలు పెట్టించడానికి చూస్తాను. ఎప్పటికవుతుందో చెప్పలేను. అందాకా ఎలాగోలా సర్దుకోండి. నిండా మునిగినవాడికి చలేవుందండీ?”

“నేను పీకదాకానే మునిగానండి,” అన్నాడు శోభనాద్రి. ఆయన వేళాకోళానికి అనలేదు, పేర్రాజూ అలా తీసుకోలేదు.

ఇంటికొచ్చేసరికి తొట్టిలో మంగతాయారు ఉత్సాహంగా ఉంది. ఆమె ఆయనకంటే పొట్టి కాబట్టి నీళ్ళు కొంచెం తగ్గాయి, బూరె ఆమె నడుందాకా వస్తోంది. అసలు సంగతి అది కాదు.

“ఇలా చూడండి. దాన్ని చూద్దామని వంగాను. నేను వంగితే నీళ్ళూ వంగాయండి!”

ఆమె మళ్ళీ వంగి చూపించింది. పీక ఎంత దిగితే నీళ్ళు అంత దిగాయి. ఆర్డరులో పీక అని ఉంది గానీ, ఆ పీక నేలనుంచి ఎంత ఎత్తులో ఉండాలో ఎక్కడా లేదు. శోభనాద్రి ఆర్డరును రెండువైపులా తిప్పి, ముద్ర కింద కూడా చూశాడు. నిజంగానే లేదు.

తనే చేస్తానని ఆమె పట్టుబట్టింది. అలా ముడుచుకుంటే కాజాలు ఎవరు కుడతారని ఆయన అడిగాడు. మర్నాడు పొద్దున్నే ఆయన తొట్టిలో కూర్చుని, కాళ్ళు చాపి, ముందుకు వంగాడు. మంగతాయారు అద్దానికి బయటినుంచి టేపు పట్టుకుని చదివింది. ఇరవై ఆరు. ఇంకాస్త వంగితే ఇరవై మూడు. అక్కడ నడుం పట్టేసింది. “ఇవాళ్టికి చాలండీ,” అంది ఆమె. ఆయనకు చాలలేదు. ఆ వారమంతా వీధిలో చప్పుడైతే చాలు ఉలిక్కిపడి తలెత్తేవాడు. తలెత్తగానే నీళ్ళు లేచేవి, బూరె తిరగబడేది, ఆమె చెయ్యి వణికేది. అందుకని తలెత్తడం మానేశాడు.

రెండో వారానికి ఇరవై వచ్చింది. నాలుగో వారానికి పదిహేడు. ఎత్తైన తొట్టి అక్కర్లేదని అద్దాలు సగానికి కోయించారు. కుట్టుమిషను తొట్టి అంచున బిగిస్తే, ఆయన చేతులు మాత్రం పైకి చాపి కుట్టేవాడు. కొలతలకు వచ్చినవాళ్ళు తొట్టి పక్కన గొంతుక్కూర్చుని భుజాలు అందించేవారు, అందులో ఎవరికీ ఇబ్బంది కనిపించలేదు. ఒకాయన తన బావమరిదికి కూడా ఇలాగే ‘మొల’ బదులు ‘మెడ’ పడిందనీ, రెండు నెలల్లో సర్దుకున్నాడనీ చెప్పి, చంకలు కొంచెం వదులుగా ఉంచమన్నాడు.

ఏడో వారంలో టేపు పదిహేను చూపించింది. బూరె ఆయన భుజం మీదుగా పైకి వచ్చి ఒక బుడగ వదిలి, రెండు తోకలూ పూర్తిగా విప్పుకుని, చెవి చుట్టూ తిరిగి కిందికి వెళ్ళింది. తిరగబడలేదు. మంగతాయారు వేళ్ళు నీళ్ళలో పెట్టింది, అది తడిమింది, చెయ్యి కుదుటపడింది. ఇంట్లో ఇద్దరూ చాలాకాలానికి నవ్వారు. శోభనాద్రి నవ్వు నీళ్ళమీద కొంచెం చిందింది.

పేర్రాజు వచ్చింది ఆ తర్వాత మూడు నెలలకు. గుమ్మంలోకి ముందు ఆయన తల వచ్చింది, గడ్డం మొలకంటే కిందుగా ఉంది. చేతిలో కవరు, చంకలో రిజిస్టరు.

“సాధించానండి!” అన్నాడు పేర్రాజు. “దీర్ఘం వాళ్ళనీ ఒత్తు వాళ్ళనీ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టి సంతకాలు పెట్టించాను. నా సర్వీసులో ఇదే మొదటిసారండి. ఇక్కడ ముట్టినట్టు సంతకం పెట్టండమ్మా.”

ఆయన మొహం వెలిగిపోతోంది. అంత సంతోషంగా తెచ్చిన మనిషిని కాదనలేక మంగతాయారు సంతకం పెట్టింది. కవరులో ఆర్డరు చక్కగా టైపు చేసి ఉంది. ‘పిక్క వరకు.’ ఒత్తు నల్లగా, స్పష్టంగా ఉంది.

నీళ్ళు వెంటనే పీకను వదిలేసి పిక్కను వెతుక్కున్నాయి. చాపిన కాళ్ళ మీద పిక్కలు నేలకు నాలుగంగుళాల్లో ఉన్నాయి. నీళ్ళు అక్కడికి దిగి ఆగిపోయాయి. బూరె ఒక పక్కకు ఒరిగి, సగం ఒళ్ళు గాలిలో పెట్టుకుని, తోకలతో తొట్టి అడుగును కొట్టుకోవడం మొదలుపెట్టింది.

“లేవండి!” అని అరిచింది మంగతాయారు. “నిలబడండి, నిలబడితే పదిహేనొస్తుంది!”

శోభనాద్రి లేవబోయాడు. రెండు చేతులూ అంచుమీద వేసి, పళ్ళు బిగించి బలం పెట్టాడు. వెన్ను కదల్లేదు. అది ఇప్పుడు వంగిన వెన్ను కాదు, దాని ఆకారమే అంత. పేర్రాజు ఒక చంక పట్టుకున్నాడు, మంగతాయారు రెండోది పట్టుకుంది. ముగ్గురూ కలిసినా ఆయన నిలబడలేకపోయాడు. పట్టుకున్న ఆమె చెయ్యి వణకడం ఆయన చంకలోనే తెలిసింది.

“నీళ్ళు నావల్లే తగ్గాయే తాయారూ,” అన్నాడు. “సరైన ఆర్డరుకి నేను సరిపోటంలేదు.”

మంగతాయారు రిజిస్టరు లాక్కుంది. “దీన్ని కొట్టేయండి పంతులుగారూ, మీకు దణ్ణం పెడతాను.”

“సిరా ఆరేలోగా అయితే కొట్టేయొచ్చమ్మా,” అని పేర్రాజు గబగబా సంతకం మీద గీత గీశాడు. నీళ్ళు లేచి శోభనాద్రి పీక దగ్గరికి వచ్చి ఆగాయి. బూరె కాసేపు అలాగే పడుండి, తర్వాత నెమ్మదిగా నిటారై, ఆయన చెవి వైపు వెళ్ళింది.

పేర్రాజు కవరును ముడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆయన కళ్ళలో నీళ్ళున్నాయి.

“తమరిది ఏ ఆర్డరండీ?” అని అడిగాడు శోభనాద్రి, ఆయన గడ్డం వైపు చూస్తూ.

“ట్రాన్స్‌ఫరు ఆర్డరండి. ఇరవై ఏళ్ళయింది. ‘ఊరు మార్చుకోవలెను’ అని రావాల్సింది, ‘తీరు మార్చుకోవలెను’ అని వచ్చింది. నిలబడే తీరు మార్చుకున్నాను. దిద్దిన కాపీ నా దగ్గర కూడా ఉందండి, సొరుగులో.”

ఆయన సంచిలోంచి ఒక ఫారం తీసి మంగతాయారుకు ఇచ్చాడు. తప్పును యథాతథంగా కొనసాగించమని కోరే ఫారం అది. ఆఫీసులో దరఖాస్తు ఫారాలకంటే ఇవే ఎక్కువ అచ్చు వేయిస్తారని చెప్పాడు. ఆమె తొట్టి పక్కన కూర్చుని, ఎడమచెయ్యి నీళ్ళలో పెట్టి, కుడిచేత్తో నింపింది. పేరు, వీధి, అవయవం. ‘కారణం’ అన్న గడి దగ్గర కలం ఆగింది. భర్త వైపు చూసింది. ఆయన తల ఊపడానికి వీల్లేదు కాబట్టి కళ్ళు మూసి తెరిచాడు.

‘అలవాటైపోయింది’ అని రాసింది. చెయ్యి వణకలేదు.