నా నెట్‌వర్క్‌కి ఏ లోటూ లేదు

మనిషి సుఖంగా ఉండాలంటే బయటి ప్రపంచంతో కనెక్షన్ తెంపుకోవాలి. ఈ మాట అంటున్నది ఏ సన్యాసో కాదు, నెట్‌వర్క్ ఇంజనీర్ని. అందరినీ అందరితో కలపడానికి జీతం తీసుకుంటున్నవాణ్ణి. కాబట్టి నా మాట నమ్మొచ్చు!

నెట్‌వర్క్‌లో స్విచ్ అంటే లైటు వేసేది కాదు. నాలుగు కంప్యూటర్ల తీగలు తెచ్చి గుచ్చితే, ఎవరి మాట ఎవరికి చేరాలో వాళ్ళకు చేరవేసే పెట్టె. అది పాత సంగతి. ఇప్పుడు పెట్టే లేదు, తీగా లేదు. కంప్యూటర్ లోపలే ఒక ఉత్తుత్తి స్విచ్‌ని పుట్టించి, నేమ్‌స్పేస్ అనే గదిలో పెడతాం. ఆ గదికి తలుపుల్లేవు, కిటికీల్లేవు. బయట కొంప మునిగినా లోపలికి వినబడదు. ఇంతకన్నా ప్రశాంతత ఎక్కడైనా ఉందా?

పైగా, మీ ఇంట్లోని అసలు రౌటర్‌కి ఏ అడ్రస్ ఉందో, ఆ గదిలోని ఉత్తుత్తి రౌటర్‌కీ అదే అడ్రస్ ఇచ్చుకోవచ్చు. గొడవ రాదు. ఎదురుపడితే కదా గొడవ!

మా ఆఫీసులో టీముకో అలాంటి గది. ఎవరి గదిలో వాళ్ళు టెస్ట్ చేసుకుంటారు, ఎవరికి వాళ్ళు పాసవుతారు. అందరి పనీ ఒకచోట కలిపిన రోజున మాత్రం ఏదీ పనిచేయలేదు. మా మేనేజర్ తెలివైనవాడు, కలపడం మానేశాడు. అప్పట్నుంచి ఒక్క ఫిర్యాదు రాలేదు. ఫిర్యాదులు అందుకునే మెషీన్‌ని కూడా ఒక గదిలో పెట్టేశాడనుకోండి, అది వేరే సంగతి.

ఇంత గొప్ప విద్యని ఇంట్లో వాడకుండా ఎలా ఉంటాను?

మా ఆవిడ ఒకప్పుడు బిల్డింగ్ ప్లాన్లు గీసేది. పిల్ల పుట్టాక మానేసి, ఇప్పుడు మళ్ళీ ఉద్యోగం వెతుక్కుంటోంది. ఎన్నిచోట్ల అడిగినా మధ్యలో ఇన్నేళ్ళు ఏం చేశారన్నవాళ్ళే తప్ప రమ్మన్నవాళ్ళు లేరు. చివరికి ఒక కంపెనీ వీడియో ఇంటర్వ్యూకి పిలిచింది.

"ఏమండీ, నెట్ ఒకసారి చూసిపెట్టండి. ఈ ఇంటర్వ్యూ కూడా పోతే ఇంక నన్నెవరూ పిలవరు" అంది ముందురోజు.

ఒకసారి చూడటమా? నేనా? మా ఇంటి నెట్‌వర్క్ మొత్తానికీ నకలు కట్టాను. ఉత్తుత్తి స్విచ్, ఉత్తుత్తి రౌటర్, ఆవిడ లాప్‌టాప్‌కి కూడా ఒక ఉత్తుత్తి తోబుట్టువు. అన్నిటినీ నేమ్‌స్పేస్‌లో కూర్చోబెట్టి, అక్కడి లాప్‌టాప్ నుంచి అక్కడి రౌటర్‌ని పలకరించాను. వెంటనే పలికింది! నిశ్చింతగా ఉండమన్నాను.

మర్నాడు "మీ గురించి చెప్పండి" అని వాళ్ళు అడగ్గానే స్క్రీన్ మీద మనుషులు బిగుసుకుపోయారు.

"ఏమండీ! నెట్ పోయింది!"

"పోలేదు."

"వాళ్ళ మొహాలు కదలట్లేదండీ!"

"ఉద్యోగాలిచ్చేవాళ్ళు అలాగే ఉంటారు. ఇదిగో, ఇటు నా స్క్రీన్ చూడు. రౌటర్ పలుకుతోంది. అంతా పచ్చగా ఉంది."

"ఏ రౌటర్?"

ఇదీ వరస! ఒక ఇంజనీర్ని పట్టుకుని అడిగే ప్రశ్నేనా ఇది? జవాబు చెప్పేలోపే లాప్‌టాప్ చంకలో పెట్టుకుని, చెప్పులైనా లేకుండా పక్కింటికి పరిగెత్తింది.

తీరా చూస్తే అసలు రౌటర్ ప్లగ్ ఎవరో పీకేశారు. ఎవరన్నది ఇక్కడ అప్రస్తుతం. ఆ సాకెట్లో నా టేబుల్ ఫ్యాన్ తిరుగుతోందన్నది మరీ అప్రస్తుతం. నేమ్‌స్పేస్‌లో ప్లగ్గులుండవు కాబట్టి నా టెస్టులో తప్పు లేదు!

పక్కింటావిడకి స్విచ్ అంటే లైటు వేసేదే. అయినా తన నెట్ ఇచ్చింది, కుర్చీ ఇచ్చింది, టీవీ కట్టేసి పిల్లల్ని వరండాలోకి తోలింది. మా ఆవిడకి ఉద్యోగం వచ్చింది.

ఆ సంగతి నాకు పక్కింటాయన లిఫ్టులో చెప్పాడు. "ఏం సార్, మీరు స్వీట్ తినలేదా?" అని కూడా అడిగాడు. కాస్త గుచ్చుకుంది. నిజం చెప్పాలంటే, కాస్త కాదు.

ఆ రోజు భోజనాల దగ్గర నేనే కదిపాను. "మన మధ్య అంతా బాగానే ఉంది కదా?"

మా ఆవిడ కంచంలోంచి తలెత్తలేదు. "నన్నా అడుగుతున్నారు? ఎప్పుడూ మీరే అడిగి, మీరే చెప్పుకుంటారుగా!"

పిల్ల కిసుక్కున నవ్వింది. నేను చెయ్యి కడుక్కుని, నా గదిలోకొచ్చి, తలుపేసుకుని, నెట్‌వర్క్‌ని పలకరించాను. వెంటనే పలికింది. అంతా పచ్చగా ఉంది.

ఎంత హాయిగా ఉన్నానో కావాలంటే అడగండి. వద్దులెండి, మీరు అడక్కండి. నేనే అడిగి, నేనే చెప్పుకుంటాను.