తండ్రి ప్రసంగం, ఐదు నిమిషాలు

నా మతాభిప్రాయాన్ని కాదనడం నా మీద వివక్షే. ఇందులో చర్చకు తావు లేదు. చర్చకు దిగారా, అది ఇంకా పెద్ద వివక్ష!

మగవాణ్ణి మగవాడు పెళ్లాడటం పాపమని నా నమ్మకం. ముప్ఫయ్యేళ్లుగా ఈ ఊరి ప్రార్థనామందిరానికి అధ్యక్షుణ్ణి, ఆమాత్రం నమ్మకం ఉండొద్దా? మొన్న రొట్టెల కొట్టులో టూర్‌డిస్ నా బన్ను పొట్లం కడుతూ, "అది తప్పు మాట, అస్గేర్" అంది. మెల్లగానే అందనుకోండి. అయినా ఆ బన్ను నాకు గొంతు దిగలేదు.

నా నోరు నొక్కేశారండీ. ఇక చెప్పుకోవడానికి నాకు మిగిలిందేమిటి? ఆదివారం ప్రసంగం, బుధవారం బైబిలు తరగతి, రేడియోలో పావుగంట, పత్రికలో ఈ కాలమ్. అంతే.

అసలు దెబ్బ ఇంట్లోనే తగిలింది. మా అబ్బాయి ఏగిల్, పడవలు బాగుచేసే కుర్రాడు సిమెన్‌ను పెళ్లాడతానన్నాడు. నేను రానన్నాను. వాడు కోపంగా నాలుగు మాటలని, తలుపు దభీమని వేసుకుని పోతే నాకూ గౌరవంగా ఉండేది. పోలేదు. "నీ నమ్మకం నీది నాన్నా. అది తప్పని నేనంటాను. నీ పేరు మాత్రం జాబితాలో ఉంటుంది" అన్నాడు. విన్నారా పక్షపాతం!

జాబితా అంటే, విందులో ఎవరెప్పుడు, ఎన్ని నిమిషాలు మాట్లాడాలో అచ్చువేసి ప్రతి పళ్లెం పక్కనా పెట్టే కాగితం. మా నార్వేలో తండ్రి మాట్లాడనిదే పెళ్లి విందు కదలదు. నలుగురిలో నన్ను అల్లరిపాలు చెయ్యడానికే ఈ పన్నాగమని మా ఆవిడతో అన్నాను.

"నీ అభిప్రాయాన్ని ఎవరూ అరెస్టు చెయ్యలేదయ్యా మహానుభావా. పిల్లాడి పెళ్లికి రమ్మన్నారు, అంతే" అంది బోర్గిల్డ్, పెళ్లికి వేసుకున్న సంప్రదాయ దుస్తులకు వెండి బొత్తాలు పెట్టుకుంటూ. ఒక్కతే వెళ్లింది.

శనివారమంతా నేను వంటింట్లో కూర్చుని నా నమ్మకాన్ని కాపాడుకున్నాను. దానికేమీ కాలేదు. ఉడికించిన బంగాళాదుంపలు తిన్నాను.

అక్కడేమో "వరుడి తండ్రి" అని నా పేరు పిలిచారట. నేను లేనని అందరికీ తెలుసు. అయినా నాకిచ్చిన ఐదు నిమిషాలూ ఎవరూ నోరు విప్పలేదట, చెంచా ముట్టలేదట. నూటపది మంది నా ఖాళీ కుర్చీకేసి చూస్తూ కూర్చున్నారట. ఒక విశ్వాసిని ఇంత క్రూరంగా ఎక్కడైనా హింసిస్తారా?

"ఏగిల్ ఏం చేశాడు?" అని అడిగాను. కేవలం సమాచారం కోసం.

"గుమ్మంకేసి చూశాడు" అంది బోర్గిల్డ్. "ఐదు నిమిషాలూ."

నిన్న గడియారం ముందు కూర్చుని ఐదు నిమిషాలంటే ఎంతో చూశాను. చాలాసేపే. మా ఇంటి నుంచి ఆ విందు జరిగిన పడవల షెడ్డుకు నడిచి వెళ్లడానికి నాకు నాలుగే పడుతుంది.